మందు మొదలయ్యాక పెరిగిన బిళ్ళ

"మందు బిళ్ళలు మింగేకొద్దీ మెడలో బిళ్ళ పెరుగుతోంది తమ్ముడూ! ఇదెక్కడి వైద్యం?"

మా అక్క ఫోనులో ఈ మాట అన్నది జుమాదల్ ఊలా మాసపు చివరి రోజులలో. మింగే మాత్రకూ, మెడలోనో చంకలోనో గజ్జలోనో ఉబ్బే గ్రంథికీ తెలుగులో ‘బిళ్ళ’ అన్న ఒకే మాట ఉన్నది. ఆ పొంతనకు నవ్వుకునే స్థితిలో ఆనాడు మేమిద్దరమూ లేము.

నా మేనకోడలికి పంతొమ్మిదేళ్లు. ఆలిమా కోర్సు చివరి సంవత్సరం చదువుతోంది. కుడి చెవి కింద శనగ గింజంత గడ్డ కనిపించి, అది రేగు పండంత అయ్యేదాకా, రెండు నెలలపాటు ఎవరికీ చెప్పకుండా దుపట్టా చాటున దాచుకున్నది. నొప్పి లేదు గనుక దాచడం సులువయింది. సాయంకాలాలు సన్నని జ్వరం, తిండి సహించకపోవడం, బరువు తగ్గడం మా అక్క కంటపడ్డాక ఆసుపత్రికి తీసుకువెళ్లారు. గడ్డలోకి సూది గుచ్చి, తీసిన కణాలను పరీక్షించి, లింఫు గ్రంథుల క్షయ అని తేల్చారు. ఛాతీ ఎక్స్‌రేలో ఊపిరితిత్తులు శుభ్రంగా ఉన్నాయి. రబీఉస్సానీ మొదటి వారంలో మందులు మొదలయ్యాయి. నెల తిరిగేసరికి జ్వరం పోయింది, ఆకలి పుట్టింది, గడ్డ కాస్త మెత్తబడింది. అల్‌హమ్‌దులిల్లాహ్ అనుకున్నాము. ఏడవ వారంలో అదే గడ్డ ఉన్నట్టుండి రెట్టింపు అయ్యింది. దాని కింద మరొకటి తలెత్తింది.

ఇక్కడ నా తప్పును నేనే చెప్పుకోవాలి. నేను ముప్పై ఏళ్లుగా మదరసాలో అరబీ వ్యాకరణమూ, ఫిఖ్హ్ శాస్త్రమూ బోధిస్తున్నాను. మన ఊళ్లలో మౌల్వీని తలాక్ మసలా నుంచి పసిబిడ్డ విరేచనాల దాకా అన్నీ అడుగుతారు. ఇమామ్ మాలిక్ (రహిమహుల్లాహ్) అంతటివారు ఎన్నో ప్రశ్నలకు తమకు తెలియదని నిస్సంకోచంగా జవాబిచ్చేవారని ప్రతి ఏటా కొత్త విద్యార్థులకు చెబుతూ ఉంటాను. ఆ రోజు అక్కకు జవాబు ఇచ్చేటప్పుడు ఆ పాఠం నాకే జ్ఞాపకం రాలేదు. "మందులు పడటం లేదేమో. వేడి చేసి ఉంటుంది. పది రోజులు ఆపి చూడండి" అన్నాను.

మా అక్క నా మాటను ఫత్వాలాగా పాటించింది.

తొమ్మిదవ రోజున గడ్డ మీది చర్మం ఎర్రబడింది. అమ్మాయికి జ్వరం తిరిగి వచ్చింది. ఈలోగా ఒక బంధువు ఆకు పసరు కట్టమన్నారు. మరొకరు తమకు తెలిసిన ఆర్.ఎం.పి. చేత కోయించి చీము తీయించమన్నారు. ఆ రెండూ జరగకపోవడానికి కారణం మా బుద్ధి కాదు, అమ్మాయి మొండితనం. చివరకు నేనే బయలుదేరి వెళ్లి, వారిద్దరినీ వెంటబెట్టుకుని జిల్లా ఆసుపత్రిలోని క్షయ విభాగానికి వెళ్లాను.

అక్కడి వైద్యాధికారి నడివయసు మనిషి, నిదానస్థుడు. గడ్డలను తాకి చూసి, టేపుతో కొలిచి, చీటీ మీద కొలతలు రాసుకున్నాడు. తరువాత ఒకే ప్రశ్న వేశాడు: "ఆఖరుసారి మాత్రలు ఎప్పుడు వేసుకున్నావమ్మా?"

అమ్మాయి తల దించుకుని, తొమ్మిది రోజులైందని చెప్పింది. మా అక్క నా వైపు చూసింది. నేనే చెప్పానని ఒప్పుకున్నాను.

ఆయన కోప్పడలేదు. "గడ్డ పెరగడం నన్ను అంతగా భయపెట్టడం లేదు మౌల్వీగారూ. ఈ తొమ్మిది రోజులే భయపెడుతున్నాయి" అన్నాడు.

పూడిక తీసే బావి

ఆయన చెప్పినదీ, ఆ తరువాత నేను అడిగి, చదివి తెలుసుకున్నదీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. ఇది చాలా ఇళ్లకు అవసరమైన సంగతి. ఊపిరితిత్తులకు వెలుపల వచ్చే క్షయలో అన్నింటికన్నా ఎక్కువగా కనిపించేది లింఫు గ్రంథుల క్షయయే. అది తరచుగా మెడలో వస్తుంది, యువతులలో ఎక్కువగా కనిపిస్తుంది.

మన దేహంలో సుమారు 600 లింఫు గ్రంథులు ఉంటాయి. ఒంట్లో ప్రవహించే లింఫు ద్రవాన్ని ఇవి జల్లెడలాగా వడకడతాయి. చొరబడిన సూక్ష్మక్రిములను పట్టి నిలుపుతాయి. రోగనిరోధక కణాలు అక్కడే గుమిగూడి పోరాడతాయి. క్షయ క్రిమి ఈ గ్రంథిలోనే తిష్ఠవేసి, ఆ రక్షకులను నెలల తరబడి మందకొడిగా ఉంచగలదు. చికిత్స మొదలైనప్పుడు రెండు పనులు ఒకేసారి జరుగుతాయి. మందుల దెబ్బకు క్రిములు చచ్చి, వాటి పైపొరలోని మైనం వంటి పదార్థాలు ముక్కలుగా గ్రంథిలో చెల్లాచెదురవుతాయి. అణగి ఉన్న రోగనిరోధక శక్తి తిరిగి లేచి, ఆ ముక్కల మీద విరుచుకుపడుతుంది. దానివల్ల గ్రంథి వాస్తుంది, కొత్త గ్రంథులు తలెత్తుతాయి. కొందరిలో చీము పడుతుంది, జ్వరమూ రావచ్చు. వైద్యులు దీనిని ‘పారడాక్సికల్ రియాక్షన్’ అంటారు. రోగం తగ్గుతూ ఉండగా పైకి పెరిగినట్లు కనిపించడం అన్నమాట.

డాక్టరు మా అక్కకు చెప్పిన పోలిక ఇంకా తేలికైనది. "బావి పూడిక తీసేటప్పుడు నీళ్లు మరింత బురదగా మారవా అమ్మా? బురద తేలిందని పూడిక తీయడం ఆపేస్తామా?"

లింఫు గ్రంథుల క్షయకు మందులు వాడేవారిలో సుమారు అయిదుగురిలో ఒకరికి ఇలా జరుగుతుందని వైద్య పరిశీలనలు చెబుతున్నాయి. ఈ లెక్క ఒక్కో పరిశీలనలో కొంత హెచ్చుతగ్గులుగా ఉంటుంది. మొదలుపెట్టిన కొన్ని వారాల నుంచి మూడు నాలుగు నెలల లోపల ఎక్కువగా కనిపిస్తుంది. అరుదుగా, కోర్సు పూర్తయ్యాక కూడా గ్రంథి ఉబ్బి దానంతట అదే తగ్గిపోవచ్చు. మందు ఇచ్చిన రోజే ఈ ఒక్క సంగతి మా అక్కకు ఎవరైనా చెప్పి ఉంటే ఆ ఫోను వచ్చేది కాదు. మాత్రలు మింగితే మూత్రం నారింజ రంగులోకి మారుతుందని మాత్రం చెప్పారు. అది రిఫాంపిసిన్ గుణం, భయపడనక్కరలేదు. అందుకే రంగు చూసి ఎవరూ కంగారుపడలేదు. ముందుగా తెలిసినదానికి మనిషి భయపడడు.

అయితే, "ఇది మామూలే" అని ఇంట్లోనే తేల్చుకోవడం కూడా నా సలహా వంటి తప్పే. గ్రంథి పెరగడానికి వేరే కారణాలూ ఉండవచ్చు. మాత్రలు సరిగా మింగకపోవచ్చు. ఆ క్రిములు మందులకు లొంగని రకమై ఉండవచ్చు. గ్రంథిలో మరో ఇన్ఫెక్షన్ చేరి ఉండవచ్చు. అసలు రోగమే క్షయ కాక, లింఫోమా వంటి మరొకటి కావచ్చు. వీటిని విడదీసి చెప్పగలిగేది పరీక్ష ఒక్కటే. మా అమ్మాయి గడ్డలోంచి సూదితో చీము తీసి, రిఫాంపిసిన్‌కు లొంగుతుందో లేదో తెలిపే జన్యు పరీక్షకూ, క్రిములను పెంచి చూసే కల్చర్ పరీక్షకూ పంపారు. జన్యు పరీక్ష ఫలితం త్వరగానే వచ్చింది. క్షయ క్రిమి ఉన్నది, మందుకు లొంగుతుంది అని. క్రిమి ఉన్నదనగానే మా అక్క ముఖం పాలిపోయింది. చచ్చిన క్రిమి జన్యు పదార్థం కూడా ఆ పరీక్షలో కనిపిస్తుందని డాక్టరు విడమరిచాడు. అది బతికి ఉన్నదా లేదా అన్నది కల్చర్ చెప్పాలి. దానికి ఆరు వారాల దాకా పడుతుంది. ఆ ఆరు వారాలూ మా ఇంట్లో ఎంత మెల్లగా గడిచాయో రాయలేను. చివరకు ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. గడ్డలో ఉన్నవి శవాలే.

మరి తొమ్మిది రోజుల విరామానికి డాక్టరు ఎందుకు భయపడ్డాడు? క్షయ క్రిమి మెల్లగా పెరిగే జాతి, మొండిది. మన దేశంలో ఇచ్చే చికిత్సలో మొదటి రెండు నెలలు ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్, ఎథాంబ్యుటాల్ అనే నాలుగు మందులు, తరువాతి నాలుగు నెలలు పైరజినమైడ్ లేకుండా మిగిలిన మూడు మందులు రోజూ వేసుకోవాలి. ఇవన్నీ కలిపి చేసిన మాత్రలను మనిషి బరువును బట్టి లెక్కించి ఇస్తారు. మా అమ్మాయి 43 కిలోలు గనుక రోజుకు మూడు. ఇన్ని మందులు కలిపి ఇవ్వడానికి కారణం, ఒకదానికి లొంగని క్రిమిని మరొకటి చంపడం. వేసుకుంటూ మానుతూ ఉంటే తేలికగా చచ్చేవి చచ్చి, మొండివి మిగిలి, అవే పెరుగుతాయి. అటువంటి క్షయకు వేరే మందులు, మరింత కఠినమైన చికిత్స కావాలి. నేను తెలిసీ తెలియక చెప్పిన ఒక్క మాట నా మేనకోడలిని ఆ దారి పట్టించగలిగేది. అల్లాహ్ కాపాడాడు.

వాపు మరీ ఎక్కువై బాధిస్తే కొందరికి వైద్యులు కొద్ది వారాలు స్టెరాయిడ్ మాత్రలు ఇస్తారు. మా అమ్మాయికి ఆ అవసరం రాలేదు. చీమును రెండుసార్లు సూదితో, గడ్డకు పక్కన ఉన్న మంచి చర్మం గుండా తీశారు. ఆర్.ఎం.పి. బ్లేడుతో కోసి ఉంటే ఆ గాయం మానక, నెలల తరబడి చీము కారే రంధ్రం మిగిలేదని చెప్పారు. అటువంటి మచ్చలున్న మెడలను నా చిన్నతనంలో చాలా చూశాను.

ఖనాజీర్, గండమాల

ఇది పాత రోగమే. తెలుగువారు గండమాల అన్నారు. మన ఇళ్లలోని వృద్ధులు ఉర్దూలో కంఠ్‌మాలా అంటారు. అరబీ, యూనానీ గ్రంథాలలో దీని పేరు ‘ఖనాజీర్’. ఆ మాటకు అర్థం పందులు! ఇబ్నె సీనా (మరణం 1037) ‘అల్ ఖానూన్’ గ్రంథంలోనూ ఈ పేరే కనిపిస్తుంది. విద్యార్థిగా ఉండగా ఆ మాట చదివి ఆశ్చర్యపోయాను. లాటిన్ పేరు ‘స్క్రోఫ్యులా’ కూడా పంది అనే మాటలోంచే పుట్టిందని చాలా కాలం తరువాత తెలిసింది. ఉబ్బి, మడతలు పడిన మెడను చూసి ఆ పోలిక తోచి ఉంటుంది. రోగి మనసు ఆ పేరు విని ఏమయ్యేదో పేరు పెట్టినవారు ఆలోచించినట్లు లేదు.

ఇంగ్లండులో రాజు తాకితే ఈ వ్యాధి పోతుందని నమ్మేవారు. నిఘంటుకర్త సామ్యూల్ జాన్సన్‌ను పసితనంలో, 1712లో, రాణి ఆన్ చేతి స్పర్శ కోసం లండనుకు తీసుకువెళ్లారు. వ్యాధి పోలేదు, శస్త్రచికిత్స చేయించవలసి వచ్చింది. మెడ మీద మచ్చలు జీవితాంతం మిగిలాయి. రాబర్ట్ కోఖ్ క్షయ క్రిమిని కనుగొన్నట్లు బెర్లిన్‌లో ప్రకటించినది 1882 మార్చి 24న. అప్పటికి మందు లేదు. 1943లో స్ట్రెప్టోమైసిన్ కనుగొనేదాకా, మంచి గాలి, మంచి తిండి, విశ్రాంతి అనేవే వైద్యం. మన రాయలసీమలో మదనపల్లె దగ్గరి ఆరోగ్యవరం శానిటోరియం అటువంటి ఆశతో వెలసినదే.

మందు పడగానే రోగం రేగినట్లు కనిపించడం క్షయకు మాత్రమే ప్రత్యేకం కాదు. సిఫిలిస్ రోగులలో చికిత్స మొదలైన గంటలలోనే జ్వరమూ, దద్దుర్లూ రేగడాన్ని 1895లో యారిష్, 1902లో హెర్క్స్‌హైమర్ అనే వైద్యులు వర్ణించారు. అమెరికాలో పిడుదు పురుగు కాటు వల్ల వచ్చే లైమ్ వ్యాధిలో కూడా గ్రంథులు ఉబ్బుతాయి. ఆ రోగులలో కొందరికి మందు మొదలైన తొలి రోజునే చలిజ్వరం వచ్చి, ఒకటి రెండు రోజులలో పోతుంది. కుష్ఠు చికిత్సలోనూ ఇటువంటి రియాక్షన్లు ఉన్నాయి, వాటికి వెంటనే వైద్యం చేయించకపోతే నరాలు దెబ్బతింటాయి. వీటి కారణాలూ, కాలమూ వేరు వేరు. చూసేవారి భయం మాత్రం అంతటా ఒకటే.

దాచినదీ, చెప్పినదీ

ఆ రోజులలోనే అమ్మాయికి ఒక సంబంధం కుదిరే దశలో ఉన్నది. మా అక్క ఆసుపత్రి వసారాలోనే నా చేయి పట్టుకుని, "వాళ్లకు చెప్పకు. ఆరు నెలలే కదా, మందులు అయిపోయాక నికాహ్ పెట్టుకుందాం" అన్నది. వైద్యం నా శాస్త్రం కాదు. ఇది మాత్రం నా శాస్త్రానికి చెందిన ప్రశ్న. అడిగినవారికి ఉన్నది ఉన్నట్లు చెప్పవలసిందేనని అన్నాను. నేనే వెళ్లి చెప్పాను కూడా.

వారికి చెప్పిన వివరాలు ఇవి: ఊపిరితిత్తులలో లేని గ్రంథుల క్షయ ఒకరి నుంచి ఒకరికి అంటదు. పళ్లెం, గ్లాసు, పక్క వేరు చేయనక్కరలేదు. ఊపిరితిత్తుల క్షయ సైతం గాలి ద్వారానే సోకుతుంది, పళ్లేల ద్వారా కాదు. ఇంటి వద్దే మందులు తీసుకున్నవారు శానిటోరియంలో ఉన్నవారితో సమానంగా కోలుకున్నారనీ, వారి కుటుంబాలకు అదనపు ముప్పు కలగలేదనీ మద్రాసులో జరిగిన అధ్యయనం 1959 నాటికే లోకానికి చూపించింది. కోర్సు పూర్తిచేసిన ఆడపిల్ల అందరిలాగే నికాహ్ చేసుకోవచ్చు, బిడ్డలను కనవచ్చు. వరుని తండ్రి ఓపికగా విన్నాడు, టీ ఇప్పించాడు, ఇంట్లో మాట్లాడి ఫోను చేస్తానన్నాడు. ఆ ఫోను ఈనాటికీ రాలేదు.

మా అక్క నాతో నెల రోజులు మాట్లాడలేదు. నేను చేసిన రెండు పనులలో తప్పయినదానిని ఆమె క్షమించింది, ఒప్పయినదానిని క్షమించలేకపోయింది. అమ్మాయి మాత్రం, "పోనివ్వండి మామూ. పెళ్లయ్యాక తెలిసి ఉంటే నా మాత్రలు కూడా దాచుకుని మింగవలసి వచ్చేది" అన్నది. తన అనారోగ్యాన్ని రెండు నెలలు దుపట్టా చాటున దాచిన పిల్లే ఈ మాట అన్నది.

చికిత్స సాగుతున్న ఇళ్లకు మరికొన్ని సంగతులు. కళ్లు, మూత్రం పసుపురంగుకు తిరిగి వాంతులు అవుతుంటే కాలేయం మీద ప్రభావం పడి ఉండవచ్చు. చూపు మసకబారినా, ఎరుపు ఆకుపచ్చ రంగుల తేడా తెలియకపోయినా అది ఎథాంబ్యుటాల్ వల్ల కావచ్చు. ఇవి మాత్రం ఆ రోజే డాక్టరుకు చూపించవలసిన లక్షణాలు. షుగరు, బీపీ వంటి వాటికి వేసుకునే మందులన్నీ ఆయనకు చెప్పాలి. రిఫాంపిసిన్ చాలా మందుల బలాన్ని తగ్గిస్తుంది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందులూ పరీక్షలూ ఉచితం. నిక్షయ్ పోషణ యోజన కింద 2018 నుంచి నెలకు 500 రూపాయలు, 2024 నవంబరు నుంచి 1000 రూపాయలు రోగి బ్యాంకు ఖాతాలో వేస్తున్నారు. తీసుకోవడానికి మా అక్క మొహమాటపడింది. గుడ్లకూ పాలకూ ఇచ్చిన సొమ్ము అది, మొహమాటం దేనికి? సందేహాలకు 1800-11-6666 అన్న ఉచిత ఫోను నంబరు ఉన్నది. అది నా ఫోను నంబరు కన్నా మేలైనది.

రమదాన్ వచ్చేనాటికి ఆరవ నెల నడుస్తోంది. రోగికి ఉపవాసాన్ని వాయిదా వేసుకునే అనుమతి మన ధర్మంలో స్పష్టంగా ఉన్నది. ఆ మాట మొదట నేనే చెప్పాను. అమ్మాయి డాక్టరును అడిగింది. ఆయన బరువు చూసి, రక్త పరీక్ష చేయించి, మాత్రలన్నీ ఒకేసారి సహరీ వేళ వేసుకోగలిగితే, నీరసం రాకుంటే ఉండవచ్చునన్నాడు. ఇది ఈ అమ్మాయికి చెప్పిన మాటే. షుగరు ఉన్నవారికీ, చికిత్స తొలి నెలల్లో ఉన్నవారికీ ఆయన జవాబు వేరుగా ఉండవచ్చు. ఆమె పదకొండు రోజాలు ఉండి, నీరసం అనిపించగానే మానింది. మిగిలినవి తరువాత పూర్తిచేస్తుంది.

పోయిన తొమ్మిది రోజుల మోతాదులనూ చివరన కలిపి మింగించారు గనుక కోర్సు షవ్వాల్‌లో ముగిసింది. చెవి కింద బఠానీ గింజంత గట్టి గడ్డ ఒకటి ఇంకా ఉన్నది. అది మిగిలిపోయిన మచ్చ వంటిదనీ, కొందరికి అలా ఉండిపోతుందనీ, మళ్లీ పెరిగితే వెంటనే రావాలనీ డాక్టరు చెప్పాడు. రెండేళ్ల పాటు ఆరు నెలలకొకసారి చూపించుకోవాలి.

ఆసుపత్రికి వెళ్లివచ్చిన ఆ రోజు నుంచి ప్రతి ఉదయం ఫజ్ర్ తరువాత నేను ఫోను చేసి, "బేటీ, వేసుకున్నావా?" అని అడిగేవాడిని. నా తప్పుకు నేను వేసుకున్న శిక్ష అది. మొన్న కూడా అలవాటు చొప్పున చేశాను. అవతల నుంచి నవ్వు వినిపించింది. "మామూ, అయిపోయి పన్నెండు రోజులైంది."